తాగుడు మానాక నాకు సరిపోయే గ్రూపు దొరికేదాకా: నా అనుభవం

నేను నవంబరులో తాగుడు మానేశాను. నాకు సరిపోయిన గ్రూపు దొరికింది ఫిబ్రవరి చివర్లో. ఈ రెండింటి మధ్య గడిచిన కాలం గురించే ఇది రాస్తున్నాను. "ఏదైనా సపోర్ట్ గ్రూపులో చేరండి" అని డాక్టర్లు, చుట్టాలు, స్నేహితులు అందరూ చెప్తారు. చేరడం అంటే అసలు ఏం చేయాలి, మొదటిసారి ఆ తలుపు తీసుకుని వెళ్తే లోపల ఏం ఉంటుంది, ఎవరు ఏం అడుగుతారు, నచ్చకపోతే ఏం చేయాలి, ఇవి చెప్పినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ దొరకలేదు. నేను నలభై దాటిన ఆడదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. ముందే చెప్తున్నానంటే, ఈ వెతుకులాటలో కొన్ని విషయాలు దానివల్లే నాకు వేరేగా జరిగాయి.

గ్రూపు కన్నా ముందు డాక్టరు. ఈ వరస మార్చకండి. నేను రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక తాగేదాన్ని. చివరి ఏడాదికి వచ్చేసరికి పొద్దున లేవగానే చేతులు వణికేవి, కొంచెం పడితే గానీ తగ్గేది కాదు. ఈ ముక్క చెప్పగానే డాక్టరు రాస్తున్నది ఆపేసి, "ఇంట్లో మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయొద్దమ్మా" అంది. నేను మానేద్దామని వస్తే మానొద్దంటుందేంటి అనుకున్నాను. తర్వాత విడమర్చి చెప్పింది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కొందరికి మతి తప్పి లేనివి కనిపిస్తాయి, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆడిట్ అనే పది ప్రశ్నల ఫారం నింపించింది. అందులో 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అలవాటు స్థాయి దాటి శరీరం మందు మీద ఆధారపడిపోయి ఉండొచ్చని అర్థం. నాది దాటింది. ఆ అంకె చూసి ఏడుపు రాలేదు, భయం కూడా వేయలేదు. విచిత్రంగా కాస్త తేలికపడ్డాను, ఎందుకంటే ఇది నా గుణం చెడ్డదవడం వల్ల కాదని, కొలిచి చూడగలిగిన ఒక జబ్బు అని నాతో ఎవరైనా అనడం అదే మొదటిసారి.

హాస్పిటల్లో ఉన్నది వారం లోపే. వణుకు తగ్గడానికి మాత్రలు ఇస్తూ రోజురోజుకీ మోతాదు తగ్గించారు, విటమిన్ బి1 ఇంజక్షన్లు ఇచ్చారు, గంటగంటకీ బీపీ, నాడి చూశారు. మొత్తం ప్రయాణంలో నిజంగా డబ్బు ఖర్చయింది ఇక్కడే. డిశ్చార్జి రోజున లివర్ పరీక్షలు చూసి నాల్‌ట్రెక్సోన్ అనే మాత్ర రాశారు. తాగాలన్న యావని తగ్గిస్తుందది. కాగితం చివర్లో "సపోర్ట్ గ్రూపు" అని రాసి ఉంది. అడ్రసు లేదు, ఫోన్ నంబరు లేదు. అడిగితే డాక్టరు, "ఏఏ అని వెతకండి, దొరుకుతాయి" అంది. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుండే గ్రూపులు. నాకు నమ్మకం లేదని మొహం చూసి తెలిసిపోయినట్టుంది. 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసిందని, పూర్తిగా మానేసి ఉండటం విషయంలో ఏఏ వైపు మళ్లించే చికిత్సలు మిగతా కౌన్సెలింగ్ పద్ధతులకి తీసిపోలేదని, ఒక్కోచోట వాటికన్నా మెరుగ్గా ఉన్నాయని చెప్పింది. మళ్లీ రమ్మన్నది రెండు వారాల తర్వాత.

ఆ రెండు వారాల గురించి ఎవరూ చెప్పరు. ఒంట్లో నుంచి మందు వెళ్లిపోయింది, వణుకు పోయింది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా ఏం చేయాలో తెలిసేది కాదు. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని. మా ఆయన నన్ను కనిపెట్టుకుని పక్క గదిలోనే తిరుగుతుండేవారు, బాత్రూమ్‌లో కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేవారు. ఆయన భయం నాకు తెలుసు, అయినా ఆ తలుపు చప్పుడు వినగానే ఒళ్లు మండిపోయేది. తాగాలనిపిస్తోందని ఆయనతో అనలేను, అంటే ఇల్లంతా టెన్షన్. అనకుండా ఉంటే అది లోపలే పెరిగేది. దీన్ని విని బెదిరిపోని మనిషి ఒకరు కావాలి. గ్రూపు కావాలని నాకు నిజంగా అనిపించింది అప్పుడు, డాక్టరు చెప్పినప్పుడు కాదు.

నవంబరు చివర్లో వెతకడం మొదలుపెట్టాను. లిస్టులు దొరుకుతాయి, కాకపోతే అన్నీ తాజావి కావు. మొదటి నంబరు వాడుకలో లేదు. రెండోది మోగి మోగి ఆగిపోయింది. మూడోదానికి మెసేజ్ పెట్టి, ఇంక ఎవరూ చేయరులే అని ఫోన్ పక్కన పడేశాను. మర్నాడు సాయంత్రం ఒకాయన తిరిగి చేశారు. వాళ్లు ఆఫీసులో కూర్చుని జీతం తీసుకునేవాళ్లు కాదు, తాగుడు మానేసి తమ ఉద్యోగాలు చేసుకుంటూ వంతులవారీగా ఫోన్లు చూసే సభ్యులు. అందుకే పగలు ఎత్తరు, సాయంత్రం చేస్తారు. ఇది తెలియక మొదటి రెండు ఫోన్లతోనే ఆశ వదులుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో.

ఆయన పేరు అడగలేదు. మొదట అడిగింది, "మానేసి ఎన్నాళ్లయిందమ్మా, వణుకు, ఫిట్స్ లాంటివేమన్నా ఉన్నాయా, డాక్టరుకి చూపించారా" అని. తర్వాత మీటింగులు రెండు రకాలని చెప్పారు. ఓపెన్ మీటింగుకి ఎవరైనా రావచ్చు, ఇంట్లోవాళ్లని తీసుకురావచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉందనుకునేవాళ్లకి మాత్రమే. ఫీజు ఎంతని అడిగాను. లేదన్నారు. ఏ కాగితాలు తేవాలని అడిగాను. ఏమీ అక్కర్లేదు, తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యత్వానికి అదొక్కటే అర్హత అన్నారు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ గొంతులో జాలి లేదు, మందలింపూ లేదు. ఏ బస్సు ఎక్కాలో చెప్పినంత మామూలుగా మాట్లాడారు.

మొదటి మీటింగు డిసెంబరు మొదటి వారంలో. రోడ్డు మీద బోర్డు ఉండదు. చాలా గ్రూపులు ఏదో ఒక బడి గదో, చర్చి హాలో, కమ్యూనిటీ హాలో గంట, గంటన్నర అద్దెకి తీసుకుంటాయి. హాలు చర్చిదైనా గ్రూపుకీ ఆ మతానికీ సంబంధం ఉండదు. నేను మెయిన్ గేటు దగ్గర నిలబడి వెతుకుతుంటే తలుపు వెనకవైపు ఉంది. పావుగంట ముందే వెళ్లినా లోపల అడుగుపెట్టేసరికి మొదలైపోయింది. మా ఆయన బయటే ఉన్నారు. గదిలో అందరూ మగవాళ్లే.

వెనక్కి తిరిగి వచ్చేద్దామనుకున్నాను. తలుపు పక్కనున్న పెద్దాయన కుర్చీ చూపించి మళ్లీ ముందుకి తిరిగిపోయారు, నా వైపు పరిశీలనగా చూడలేదు. అందుకే కూర్చోగలిగాను. ఒకరు ఒక పేజీ చదివారు, తర్వాత ఒక్కొక్కరు తమ పేరు చెప్పుకుని తమ సంగతి చెప్పారు. ఒకరు మాట్లాడాక ఇంకొకరు దానికి జవాబు ఇవ్వరు, సలహా ఇవ్వరు, ఓదార్చరు. "థాంక్యూ" అని ఊరుకుంటారు. నాకది మొదట చాలా కఠినంగా అనిపించింది. ఒక కుర్రాడు కొడుకు పుట్టినరోజు నాడు తాను ఎక్కడ పడి ఉన్నాడో చెప్పి ఏడుస్తుంటే ఎవరూ ఏమీ అనకపోవడం ఏంటి? కొన్ని వారాలు గడిచాక తెలిసింది, మధ్యలో ఎవరూ కల్పించుకోరన్న ధైర్యంతోనే అంత మాట బయటకి వస్తుందని. నా వంతు వచ్చినప్పుడు పేరు మాత్రం చెప్పి, "ఈ రోజు వింటాను" అన్నాను. అలా అనడం పూర్తిగా మామూలే, ఎవరూ బలవంతం చేయరు. చివర్లో ఒక చిన్న బుట్ట చేతులు మారింది. గది అద్దెకీ టీకీ పుస్తకాలకీ సభ్యులు తోచినంత వేస్తారు, బయటివాళ్ల దగ్గర విరాళాలు తీసుకోరు. కొత్తగా వచ్చారు కదా, మీరు వేయొద్దండి అని పక్కాయన మెల్లగా చెప్పారు.

మీటింగు అయ్యాక మాత్రం నాకు ఇబ్బంది కలిగింది. అక్కడే ఉన్న ఒకతను సాయం చేస్తానంటూ నా నంబరు అడిగి, ఇచ్చేదాకా వదల్లేదు. ఆ రాత్రి నుంచే మెసేజ్‌లు. మొదటివి తాగుడు గురించి, ఆ తర్వాతవి వేరే రకం. నంబరు బ్లాక్ చేసి ఆ గ్రూపుకి మళ్లీ వెళ్లలేదు. తర్వాత ఆడవాళ్లతో మాట్లాడితే, కొత్తగా వచ్చి మనసు బలహీనంగా ఉన్నవాళ్ల వెంట ఇలా పడటం అక్కడక్కడా జరుగుతుందని, అందుకే ఆడవాళ్లకి ఆడవాళ్లే, మగవాళ్లకి మగవాళ్లే తోడుగా ఉండాలని పాతవాళ్లు పట్టుబడతారని చెప్పారు. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తున్నాను, ఎందుకంటే అలా జరిగిన ఆడవాళ్లు గ్రూపులే పనికిరావనుకుని ఇంటికి వెళ్లి తాగుతారు. అది ఒక మనిషి చేసిన పని. ఆ గది మార్చండి, వెతకడం మాత్రం ఆపకండి.

డిసెంబరు మధ్యలో ఇంకో గ్రూపుకి వెళ్లాను. అక్కడ తలుపు తీయగానే మా ఆఫీసులో పనిచేసే ఆయన ఎదురుగా కూర్చుని ఉన్నారు. కాళ్లు చల్లబడిపోయాయి. రేపు ఆఫీసులో ఏం జరుగుతుంది, ఎవరెవరికి తెలుస్తుంది అని తప్ప ఆ గంటలో ఒక్క మాట కూడా నా చెవిన పడలేదు. అయిపోయాక ఆయనే దగ్గరికి వచ్చి, "మేడమ్, మీరు నన్ను చూసి ఎంత భయపడ్డారో నేనూ మిమ్మల్ని చూసి అంతే భయపడ్డాను" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఈ రోజుకీ ఆఫీసులో ఎప్పటిలాగే పలకరించుకుంటాం. ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తారేమో అన్న భయంతోనే ఆగిపోయేవాళ్లకి చెప్తున్నాను, అక్కడ మీకు కనిపించే తెలిసినవాళ్లు కూడా మీరు వెళ్లిన పని మీదే వచ్చి ఉంటారు.

ఆ గ్రూపు నాకు కుదరకపోవడానికి కారణం వేరు. నేను నాల్‌ట్రెక్సోన్ వేసుకుంటున్నానని చెప్తే ఒకాయన, "మాత్ర వేసుకుంటే అది మానినట్టు ఎలా అవుతుంది, అదీ ఒక ఆధారమే కదా" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలూపారు. ఇంటికొచ్చి మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని పారేద్దామా అనుకున్నాను. అదృష్టం బాగుండి ఆ వారంలోనే డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంది. విని ఆవిడకి కోపం వచ్చింది. ఈ మాత్ర మత్తు ఇచ్చేది కాదు, అలవాటు పడేదీ కాదు, ఎప్పుడు ఆపాలో నేను చెప్తాను అంది. సభ్యులు డాక్టర్ల పాత్ర పోషించకూడదని ఏఏ వాళ్లే ఒక చిన్న పుస్తకం వేశారని కూడా చెప్పింది. నాకు తర్వాత దొరికిన గ్రూపులో ఆ పుస్తకం బల్ల మీదే ఉంటుంది. మాత్రల విషయంలో గ్రూపులో ఎవరు ఏం చెప్పినా సరే, డాక్టరుని అడగకుండా ఒక్క మాత్ర కూడా ఆపకండి. ఇంకో జాగ్రత్త, కొందరికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఇస్తారు, అది వేరే సంగతి. అది వేసుకుంటూ తాగితే ఒళ్లు ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రమాదం అవుతుంది, మాత్ర ఆపాక రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు, ఆల్కహాల్ కలిసిన దగ్గు మందు, మౌత్‌వాష్ కూడా పడవు. మా గ్రూపులో ఒకావిడకి తెలియకుండా కలిపిచ్చేవారట ఇంట్లోవాళ్లు. ఆ పని ఎవరూ చేయకండి, దయచేసి.

డిసెంబరు ఆఖర్లో మనసు చాలా దిగజారింది. రెండు చోట్లా కుదరలేదు, ఇంక నాకిది రాసిపెట్టిలేదనుకున్నాను. అప్పుడు డాక్టరే స్మార్ట్ రికవరీ అనే ఇంకో రకం గ్రూపు ఉందని, ఆన్‌లైన్‌లో కూడా జరుగుతుందని చెప్పింది. 1994లో మొదలైన పద్ధతి, దేవుడి ప్రస్తావన ఉండదు, ఏఏలో లాగా స్టెప్పులు, అంటే మానినవాళ్లు ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోయే పన్నెండు మెట్లు, ఉండవు, శిక్షణ తీసుకున్న మనిషి ఒకరు నడిపిస్తారు, ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు కూడా. అక్కడ నేర్పిన ఒక పని నాకు చాలా ఉపయోగపడింది. ఒక కాగితాన్ని నాలుగు గళ్లుగా చేసి తాగితే లాభం, తాగితే నష్టం, తాగకపోతే లాభం, తాగకపోతే నష్టం రాయాలి. తాగకపోతే నష్టం ఏముంటుందని అనుకున్నాను గానీ రాస్తుంటే ఆ గడే నిండిపోయింది. నిద్ర పట్టదు, ఇల్లు మోస్తున్న బరువు మర్చిపోవడానికి దారి లేదు, నాకంటూ ఒక గంట లేదు. అక్కడిదాకా నేను తాగుడుని ఒక చెడ్డ అలవాటు అనుకున్నాను గానీ అది నాకు ఏం చేసిపెడుతోందో ఎప్పుడూ చూడలేదు. తాగాలనిపించినప్పుడల్లా టైము, ఎక్కడున్నాను, ఎంత గట్టిగా అనిపించింది, ఎంతసేపు ఉంది అని రాసుకోమన్నారు. నాకు ఎక్కువసార్లు అరగంటలోపే దిగిపోయేదని ఆ పుస్తకం చూస్తేనే తెలిసింది. తాగే రోజుల్లో అది దిగేదాకా ఎప్పుడూ ఆగలేదు కదా, ఎలా తెలుస్తుంది.

ఆ మీటింగులు ఇప్పటికీ వదల్లేదు. కానీ జనవరిలో జ్వరం వచ్చి కొన్ని వారాలు వెళ్లలేకపోతే నేను లేనని ఎవరికీ తెలియలేదు. అది వాళ్ల తప్పు కాదు, తెర మీద రోజూ కొత్త మొహాలు. కాకపోతే నాకు కావలసింది ఇంకోటి ఉందని అప్పుడు తెలిసింది.

ఈ లోగా మా ఆయన కూడా ఒక గ్రూపుకి వెళ్లారు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం అల్-అనాన్ అని వేరే ఉంది, 1951 నుంచి నడుస్తోంది. ఏఏతో పోలిన స్టెప్పులే, సంస్థ మాత్రం వేరు. నాకు మొదట్లో నచ్చలేదు, అక్కడికి వెళ్లి నా గురించి ఏం చెప్తారో అని. వచ్చాక ఆయన ఏమీ చెప్పలేదు. కానీ ఆ రాత్రి బాత్రూమ్ తలుపు కొట్టలేదు. చాలా రోజుల తర్వాత చెప్పారు, అక్కడ తనకి మొదట వినిపించిన మాట, దీన్ని నువ్వు తెప్పించలేదు, నువ్వు అదుపు చేయలేవు, నువ్వు నయం చేయలేవు అని. ఇన్నేళ్లుగా తనవల్లే నేనిలా అయ్యానని ఆయన అనుకుంటున్నారని నాకు అసలు తెలియదు. ఆ సంగతి మేం మాట్లాడుకున్న రాత్రి ఇద్దరం తెల్లవారేదాకా పడుకోలేదు.

ఫిబ్రవరి చివర్లో ఆడవాళ్లకి మాత్రమే జరిగే ఒక ఏఏ మీటింగు ఉందని తెలిసింది. అది లిస్టులో పైకి కనిపించదు, రకాన్ని ఎంచుకునే చోట "మహిళలు" అని పెడితే గానీ రాదు. నేను డిసెంబరులోనే అలా వెతికి ఉండొచ్చు, నాకా సంగతి ఎవరూ చెప్పలేదు. వారానికి ఒక్కసారే, కాబట్టి తెలిశాక దాదాపు వారం ఆగాల్సి వచ్చింది. చిన్న గది, చాలా తక్కువమంది. అక్కడ మొదటిసారి నోరు తెరిచాను. సీసాలు ఎక్కడెక్కడ దాచేదాన్నో చెప్తుంటే ఎదురుగా ఉన్న పెద్దావిడ కళ్లు మూసుకుని తలూపుతోంది, తాను దాచిన చోట్లు గుర్తొచ్చినట్టు. మగవాళ్ల మధ్య ఈ మాట నేను ఏ జన్మకీ చెప్పగలిగేదాన్ని కాదు. పిల్లలకి అన్నం పెడుతూ తాగి ఉండటం గురించి, తల్లి తాగితే లోకం పెట్టే పేరు గురించి అక్కడ వివరించక్కర్లేదు.

అయిపోయాక ఒకావిడ ఒక కరపత్రం వెనక వాళ్లందరి ఫోన్ నంబర్లు రాయించి నా చేతిలో పెట్టింది. "తాగాక కాదమ్మా, తాగకముందు చేయాలి" అంది. నేను చేయలేదు. పరిచయం లేనివాళ్లకి ఊరికే ఫోన్ చేసి ఏం మాట్లాడతాం? తర్వాతి వారం చిన్నాడికి ఒంట్లో బాగోక మీటింగుకి వెళ్లలేదు. ఆ రాత్రి ఫోన్ మోగింది, మీటింగులో నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ. "రాలేదేంటి తల్లీ, అంతా బాగుందా?" ఏమీ జరగలేదు, పిల్లాడికి జ్వరం అని చెప్పి పెట్టేశాను, పెట్టేశాక వంటగదిలో నిలబడి చాలాసేపు ఏడ్చాను. నేను రాకపోతే గమనించే మనుషుల కోసమే నవంబరు నుంచి వెతుకుతున్నానని అప్పటిదాకా నాకే తెలియదు. మీరు గ్రూపు చూసేటప్పుడు లోపల ఏం చదువుతున్నారు, ఎంత బాగా మాట్లాడుతున్నారు అన్నది రెండో సంగతి. మీటింగు అయ్యాక కుర్చీలు సర్దే పది నిమిషాలు ఉండి చూడండి. ఎవరైనా మీ దగ్గరికి వచ్చారా, మళ్లీ ఎప్పుడొస్తారని అడిగారా, నంబరు ఇచ్చారా. నేను ముందు వెళ్లిన చోట్ల అవ్వగానే పరిగెత్తి వచ్చేసేదాన్ని కాబట్టి అసలు గ్రూపు ఎలాంటిదో నాకు కనిపించే వీలే లేదు.

స్పాన్సర్ సంగతి కూడా ఎవరూ సరిగ్గా చెప్పరు. ఎవరూ మీకు కేటాయించరు, మనమే అడగాలి. మనకన్నా ముందు మానేసి, స్టెప్పులు పూర్తి చేసి, దారి చూపించే మనిషి అన్నమాట. కౌన్సెలర్ కాదు, డబ్బు తీసుకోరు, అప్పులు ఇవ్వరు, మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చరు. నాకు ఫోన్ చేసిన ఆ పెద్దావిడనే అడగాలని నెలరోజులు అనుకుని అనుకుని మార్చి చివర్లో అడిగాను. రోజూ ఒకే టైముకి ఫోన్ చేయాలి, నిజం చెప్పాలి, ఈ రెండూ కుదిరితే సరే అంది. దేవుడి మాట నాకు అడ్డుపడుతోందని చెప్పాను, పన్నెండు స్టెప్పుల్లో ఆ మాట చాలాసార్లు వస్తుంది. "నువ్వు అర్థం చేసుకున్న రూపంలో అనే రాసి ఉంది కదా. ప్రస్తుతానికి ఈ గదిలో ఉన్నవాళ్లే నీకన్నా పెద్ద శక్తి అనుకో" అంది. అంతకన్నా ఎక్కువ వాదించలేదు. నాకు ఇప్పటికీ భక్తి లేదు, స్టెప్పులు మాత్రం రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం చాలా గడ్డుగా గడిచింది. ఆఫీసులో నేను చేసిన పనికి ఇంకొకరికి పేరొచ్చింది. ఇంటికొచ్చే దారిలో మందు షాపు ముందు ఆగిపోయాను. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఉందో చూసుకో అని వాళ్లు చెప్తుంటారు, ఆ రోజు నాలుగూ ఉన్నాయి. స్పాన్సర్ ఎత్తలేదు. రెండో ఆవిడా ఎత్తలేదు. మూడో ఆవిడ ఎత్తింది, డ్యూటీలో ఉంది, వెనక గోలగా ఉంది. "షాపుకి వీపు పెట్టి నడుస్తూ మాట్లాడు" అంది. నడిచాను. ఏం మాట్లాడామో సగం గుర్తు లేదు, వాళ్ల అమ్మాయి పరీక్షల గురించి ఏదో చెప్పింది. ఇల్లు చేరేదాకా ఫోన్ పెట్టలేదు. ఇంకొకరి పని పాడుచేశానని మర్నాడు బాధపడుతుంటే స్పాన్సర్ ఏఏ ఎలా మొదలైందో చెప్పింది. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో, వ్యాపారం దెబ్బతిని హోటల్ లాబీలో నిలబడి బార్ వైపు చూస్తున్న ఒకాయన, తాను తాగకుండా ఉండటానికి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలని ఫోన్లు చేశాడు. అలా దొరికిన మనిషి ఒక సర్జను. ఆ ఇద్దరితోనే ఇదంతా మొదలైంది. "నువ్వు చేసిన ఫోన్ వల్ల ఆ రాత్రి ఆవిడ కూడా తాగలేదు" అంది. నిజంగానే ఆవిడకీ ఆ రోజు బాగోలేదని తర్వాత తెలిసింది.

జూన్‌లో మా గ్రూపులో చాలా ఏళ్లుగా మానేసిన ఒకావిడ మళ్లీ తాగింది. కొన్ని వారాలు కనిపించలేదు, వీళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. తిరిగొచ్చిన రోజు గుమ్మంలోనే ఆగిపోతే ఇద్దరు లేచి వెళ్లి లోపలికి తీసుకొచ్చారు. కొన్ని గ్రూపుల్లో మానేసిన కాలానికి గుర్తుగా బిళ్లలు ఇస్తారు. ఆవిడ మళ్లీ మొదటి ఇరవై నాలుగు గంటల బిళ్ల తీసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, జాలితో కాదు. నాకు ఆ రాత్రి భయం వేసింది, అన్నేళ్ల మనిషికే అలా అయితే నాకు ఏ గ్యారంటీ ఉందని. ఆ భయం ఇప్పటికీ ఉంది. కానీ ఒకవేళ అలా జరిగితే ఎక్కడికి తిరిగి రావాలో నాకు తెలుసు.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. గ్రూపులకి నేను పెట్టింది బుట్టలో వేసే కొద్ది మొత్తం, ఒక పుస్తకం, దారి ఖర్చు. అసలు ఖర్చు టైము. వారంలో కొన్ని సాయంత్రాలు ఇంట్లో లేకపోవడం, పిల్లలకి అది అర్థమయ్యేలా చెప్పడం. పెద్దది, "తాగినప్పుడు ఇంట్లో ఉండేదానివి, ఇప్పుడు ఉండట్లేదు" అంది ఒకరోజు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక ఓపెన్ మీటింగుకి వెంట తీసుకెళ్లాను. వచ్చేటప్పుడు దారంతా నా చెయ్యి పట్టుకుని నడిచింది, ఏమీ అనలేదు.

ఇప్పుడు వెతుకుతున్నవాళ్లు ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి. మీటింగు ఈ వారం నిజంగా జరుగుతోందా, ఓపెనా క్లోజ్డా, తలుపు ఏ వైపు, ఆడవాళ్లు వస్తారా, ఆడవాళ్లకి విడిగా మీటింగు ఉందా, ఏ భాషలో మాట్లాడతారు, మొదటిసారి వస్తే గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా. కలవమని అడిగితే సాధారణంగా వస్తారు, నేను అడగొచ్చని తెలియక అడగలేదు. కనీసం రెండు మూడు రకాల గ్రూపులు చూశాకే మీకు పడుతుందో లేదో తేల్చుకోండి, ఒకే పేరుతో ఉన్నా ఒక గది ఇంకో గదిలా ఉండదు. సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయండి, ఎత్తకపోతే మెసేజ్ పెట్టి తర్వాతి నంబరుకి చేయండి. అర్ధరాత్రి ఎవరూ దొరకకపోతే ఆన్‌లైన్ మీటింగు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటుంది, కెమెరా ఆపేసి వినొచ్చు. చేతులు వణుకుతున్నా, ముందెప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉన్నా, వీటన్నిటికన్నా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.